పెట్రోలియం మీద ఈస్ట్, బూజు: ప్రోటీన్ ఎందుకు ఆగిపోయింది, ఏది పరిశ్రమ అయింది

మీ ప్రశ్న చదివాను. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాదిలో ఉన్నారు. ఒకప్పుడు పెట్రోలియం మీద ఈస్ట్ పెంచి పశువుల దాణా చేశారని విన్నారు. అదెందుకు ఆగిపోయిందో తెలుసుకోవాలనుకుంటున్నారు. ఇప్పుడు డీజిల్ మీదో కిరోసిన్ మీదో ఈస్టుని, బూజుని పెంచి పనికొచ్చే వస్తువు తీసే ప్రాజెక్టు చేస్తే భవిష్యత్తు ఉంటుందా అని అడిగారు. చాలాకాలంగా ఫెర్మెంటేషన్ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈస్ట్ ఈ పని చేయగలదా లేదా అన్న అనుమానం ఎవరికీ అక్కర్లేదు. అరవై ఏళ్ల క్రితమే టన్నుల లెక్కన చేసి చూపించారు. చూడాల్సింది ఒక్కటే: హైడ్రోకార్బన్‌లో, అంటే కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న పెట్రోలియం అణువులో, ఉన్న పొడవాటి కార్బన్ గొలుసును మనం ఏం చేస్తున్నాం? దాన్ని తుంచి ముక్కలు చేసి ఈస్ట్ శరీరంగా మారిస్తే సోయాబీన్‌తో, మొలాసిస్‌తో పోటీ పడాలి. గొలుసును అలాగే ఉంచి రెండు చివర్లను మాత్రమే మార్పించుకుంటే, పెట్రోలియం అంత తేలిగ్గా ఆ గొలుసును ఇచ్చే ముడిసరుకు మరొకటి దొరకడం కష్టం. మొదటి దారి మూతబడింది. రెండోది ఇవాళ నడుస్తున్న పరిశ్రమ.

జీవరసాయనం మీకు తెలిసే ఉంటుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. సూటి గొలుసు హైడ్రోకార్బన్‌ను ఆల్కేన్ అంటాం, పారాఫిన్ అన్నా అదే. అది కణంలోకి వెళ్లాక సైటోక్రోమ్ పీ450 ఎంజైమ్ దాని చివరి కార్బన్ మీద ఒక ఆక్సిజన్ పెడుతుంది. అది ఆల్కహాల్ అవుతుంది, తర్వాత ఆల్డిహైడ్, ఆపైన ఫ్యాటీ ఆమ్లం. అక్కడి నుంచి పెరాక్సిసోమ్‌లనే కణంలోని చిన్న సంచుల్లో బీటా ఆక్సిడేషన్ మొదలై రెండేసి కార్బన్ల చొప్పున గొలుసు తరిగిపోతుంది. అలా వచ్చిన రెండు కార్బన్ల ముక్క ఎసిటైల్ కో-ఎ నుంచే కణం తన ప్రోటీన్లు, కొవ్వులు, న్యూక్లియిక్ ఆమ్లాలు అన్నీ కట్టుకుంటుంది. ఈ పనిలో పేరున్నవి రెండు ఈస్టులు: కాండిడా ట్రాపికాలిస్, యారోవియా లిపోలిటికా. రెండోదాన్ని పాత పేపర్లలో కాండిడా లిపోలిటికా అన్న పేరుతో వెతకండి, లేకపోతే 1960లు, 70ల నాటి మంచి పనంతా మీ కంట పడదు.

ఇక దాణా కథ. ఫ్రాన్స్‌లో మార్సెయ్ దగ్గర లవేరాలో బ్రిటిష్ పెట్రోలియం (బీపీ) కంపెనీ రిఫైనరీ ఉండేది. అక్కడ ఆల్ఫ్రెడ్ షాంపాన్యా బృందం 1950ల చివర్లో ఈ పని మొదలుపెట్టింది. గ్యాస్ ఆయిల్‌లో, అంటే డీజిల్ లాంటి నూనెలో, మైనం ఎక్కువుంటే చలికి గడ్డకడుతుంది. ఆ మైనం అంటే సూటి గొలుసు పారాఫిన్లే. ఈస్ట్ తినేది కూడా సరిగ్గా వాటినే, కొమ్మలున్న అణువుల్నీ వలయాల్నీ పెద్దగా ముట్టుకోదు. అంటే ఒకే దెబ్బకు నూనెలో మైనం పోతుంది, పైగా ప్రోటీన్ వస్తుంది. ఆలోచన నిజంగా గొప్పది. ప్రపంచానికి ప్రోటీన్ కొరత రాబోతోందని అందరూ భయపడుతున్న రోజులవి. 1976లో యునెస్కో సైన్స్ బహుమతి షాంపాన్యాకే ఇచ్చారు.

బీపీ రెండు దారులూ ప్రయత్నించింది. లవేరాలో గ్యాస్ ఆయిల్ మీద నేరుగా ఈస్ట్ పెంచి, తర్వాత సాల్వెంట్‌తో కడిగి నూనె తీసేసేవాళ్లు. స్కాట్లాండ్‌లోని గ్రాంజ్‌మౌత్‌లో శుద్ధి చేసిన పారాఫిన్లే వాడేవాళ్లు, అక్కడి ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 4,000 టన్నులు. ఆ దాణాను టోప్రినా పేరుతో అమ్మారు. అది బాగా నడవడంతో ఇటలీలో సార్డీనియా దీవిలోని సరోక్‌లో ఏడాదికి 1,00,000 టన్నుల ప్లాంటు కట్టారు. ఇటలీ దక్షిణ కొసన సాలీనే యోనికేలో లికికిమికా అనే మరో సంస్థ అదే స్థాయి ప్లాంటు కట్టింది. ఈ రెండూ పూర్తయ్యాక కూడా సరిగ్గా నడవలేదు. ఆరోగ్య అధికారులు అనుమతి బిగించారు. ఈ దాణా తిన్న పందుల కొవ్వులో పారాఫిన్ అవశేషాలు, బేసి సంఖ్య కార్బన్ల ఫ్యాటీ ఆమ్లాలు కనిపిస్తున్నాయన్నది ప్రధాన అభ్యంతరం. బేసి సంఖ్య ఎందుకంటే పారాఫిన్ మిశ్రమంలో 15, 17 కార్బన్ల గొలుసులు కూడా ఉంటాయి, ఈస్ట్ వాటిని కొంతవరకు అలాగే తన కొవ్వులో కలుపుకుంటుంది. జపాన్‌లో అయితే 1970ల మొదట్లోనే వినియోగదారుల సంఘాలు గట్టిగా ఎదురు తిరగడంతో కంపెనీలే వెనక్కి తగ్గాయి.

ఈలోగా ముడిసరుకు ధర మారిపోయింది. 1973 అక్టోబరులో పీపా మూడు డాలర్ల దగ్గరున్న ముడిచమురు, 1974 మొదటికి పన్నెండు డాలర్లకు దగ్గరపడింది. 1973 వేసవిలో అమెరికా సోయా ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టినప్పుడు ఈ దాణాకు మంచి రోజులు వచ్చినట్టే కనిపించింది. ఆ ఆంక్షలు కొద్దికాలమే ఉన్నాయి, చమురు ధర మాత్రం వెనక్కి రాలేదు.

సోవియట్ యూనియన్‌లో మాత్రం మార్కెట్ లెక్కలు అడ్డు రాలేదు. పారాఫిన్ మీద పెంచిన ఈస్ట్ అక్కడ ఏడాదికి దాదాపు పది లక్షల టన్నుల స్థాయికి చేరింది. లెనిన్‌గ్రాడ్ ప్రాంతంలోని కిరిషి ప్లాంటు 1970ల మధ్యలో మొదలైంది. ఎండబెట్టిన ఈస్ట్ ధూళి గాల్లోకి వెళ్లడంతో ఊళ్లో ఉబ్బసం, అలర్జీలు పెరిగాయని జనం 1987లో వీధుల్లోకి వచ్చారు. ఆ రోజుల్లో అక్కడ అలాంటి నిరసన చాలా పెద్ద విషయం. నేను ఇది ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. అక్కడ ఇబ్బంది పెట్టింది పెట్రోలియం కాదు, డ్రయ్యర్ నుంచి వెళ్లిన ప్రోటీన్ ధూళి. చక్కెర మీద పెంచిన ఈస్టయినా అలా వదిలితే అదే జరుగుతుంది. మన దగ్గర ఫెర్మెంటేషన్ ప్లాంట్లలో డ్రయ్యర్ దగ్గర ధూళి పట్టే బ్యాగ్ ఫిల్టర్‌ను పట్టించుకోనివాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మన దేశంలోనూ ఈ పని జరిగింది. అస్సాం ముడిచమురులో మైనం ఎక్కువ. జోర్హాట్‌లోని రీజనల్ రీసెర్చ్ లేబరేటరీ, డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం రెండూ పెట్రోలియం ప్రోటీన్ మీద ప్రయోగాలు చేశాయి. కాబట్టి మనవాళ్లకు తట్టలేదనో చేతకాలేదనో అనుకోకండి.

ధరలు, అనుమతుల సంగతి అలా ఉంచితే, పాఠ్యపుస్తకాలు చాలావరకు దాటేసే ఇంజినీరింగ్ చిక్కు ఒకటుంది. గ్లూకోజ్ బరువులో సగానికి పైగా ఆక్సిజనే. 16 కార్బన్ల పారాఫిన్ అయిన హెక్సాడెకేన్‌లో ఆక్సిజన్ అసలు లేదు. కణం పెరగడానికి కావలసిన ఆక్సిజన్‌ను గాలి నుంచే అందించాలి. 30 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో ఏడెనిమిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే కరుగుతుంది. పారాఫిన్ మీద దిగుబడి బాగుంటుంది, కిలో పారాఫిన్‌కు దాదాపు కిలో ఎండు ఈస్ట్ వస్తుంది, చక్కెర మీద అయితే అర కిలో. కానీ అదే కిలో ఈస్టుకు ఆక్సిజన్ చక్కెరతో పోలిస్తే రెట్టింపుకు పైగా పడుతుంది. ఆక్సిజన్ ఎంత వాడితే వేడి అంత పుడుతుంది. ఈస్టుకు 30 డిగ్రీల చుట్టూ ఉంటేనే ఇష్టం. మే నెలలో హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూలింగ్ టవర్ నీళ్లు ఎంత చల్లగా వస్తాయో ఆలోచించండి. ఈస్ట్ పెరిగే ట్యాంకుకూ (ఫెర్మెంటర్) నీళ్లకూ మధ్య తేడా రెండు మూడు డిగ్రీలే ఉంటే వేడి బయటికి పోయే దారే లేదు, చిల్లర్ పెట్టాల్సిందే. నీళ్లు చల్లబరిచే చిల్లర్, గాలి పంపే కంప్రెసర్, ద్రవాన్ని కలిపే ఎజిటేటర్ మోటార్ మూడింటి కరెంటు బిల్లు కలిపి చూస్తే, కిలో దాణా అమ్మి ఆ డబ్బు రాబట్టడం అసాధ్యమని పది నిమిషాల్లో తేలిపోతుంది. లక్ష లీటర్ల ఫెర్మెంటర్‌లో ఈ ఆక్సిజన్, వేడి లెక్క కాగితం మీద వేయకుండా ఎవరూ ఈ రంగంలోకి దిగకూడదు.

ఇప్పుడు నిలబడ్డ వస్తువు దగ్గరికి వద్దాం. ఆల్కేన్ ఫ్యాటీ ఆమ్లం అయ్యాక ఈస్ట్ దాని రెండో చివరను కూడా ఆక్సీకరించగలదు. అప్పుడు రెండు కొసల్లోనూ ఆమ్లం ఉన్న పొడవాటి అణువు, అంటే డయాసిడ్, వస్తుంది. 12 కార్బన్ల డోడెకేన్ నుంచి డోడెకేన్‌డయోయిక్ ఆమ్లం, 13 కార్బన్ల గొలుసు నుంచి బ్రాసిలిక్ ఆమ్లం. మామూలుగా ఈస్ట్ దీన్ని దాచుకోదు, బీటా ఆక్సిడేషన్‌లో తినేస్తుంది. ఆ దారి మూస్తే బయటికి వదులుతుంది. మొదట్లో మ్యుటేషన్లతో అలాంటి రకాలను వెతికేవాళ్లు. 1992లో హెంకెల్ కంపెనీ పరిశోధకులు కాండిడా ట్రాపికాలిస్‌లో బీటా ఆక్సిడేషన్ మొదటి మెట్టుకు కావలసిన పీఓఎక్స్ 4, పీఓఎక్స్ 5 జన్యువుల ప్రతులన్నీ తీసేసి ఆ దారిని పూర్తిగా మూసి చూపించారు.

ఇక్కడ లెక్క ఎలా తిరగబడిందో చూడండి. డోడెకేన్ అణుభారం 170, ఆమ్లానిది 230. అంటే కాగితం మీద కిలో డోడెకేన్ నుంచి 1.35 కిలోల ఆమ్లం. పెరిగిన బరువంతా అణువులో కొత్తగా చేరిన ఆక్సిజన్ వల్లే. దాణాలో మనల్ని దెబ్బకొట్టిన ఆక్సిజన్ ఇక్కడ అమ్ముకునే సరుకులో భాగమైంది. పైగా దీనికి రసాయన మార్గం పొడుగు: బ్యూటాడయీన్ మూడు అణువులను కలిపి 12 కార్బన్ల వలయం చేయాలి, దాన్ని హైడ్రోజన్‌తో నింపాలి, గాలితో ఆక్సీకరించాలి, చివరికి నైట్రిక్ ఆమ్లంతో వలయాన్ని తెరవాలి. ఈస్ట్ అదే పని 30 డిగ్రీల దగ్గర, మామూలు ఒత్తిడిలో, ఒక్క ట్యాంకులో చేస్తుంది. లీటరుకు 100 గ్రాములు దాటిన దిగుబడులు ప్రచురణల్లో ఉన్నాయి. షాంఘై కేంద్రంగా ఉన్న కాథే బయోటెక్ ఈ పొడవాటి ఆమ్లాలను పారాఫిన్ల నుంచి పారిశ్రామిక స్థాయిలో చేస్తోంది. మీ టూత్‌బ్రష్ కుచ్చుల్లో వాడే నైలాన్ 6,12లో ఆ 12 ఈ ఆమ్లానిదే. బ్రాసిలిక్ ఆమ్లం నుంచి ఇథిలీన్ బ్రాసిలేట్ అనే కస్తూరి వాసన పదార్థం చేస్తారు, సబ్బుల్లో, సెంట్లలో వాడతారు.

అయితే ఇది తేలికనుకోవద్దు. ఆమ్లం బయటికి రావాలంటే పీహెచ్ ఏడున్నర, ఎనిమిది దగ్గర పట్టి ఉంచాలి. దానికి కాస్టిక్ సోడా పోస్తూనే ఉండాలి. తర్వాత కణాలను, మిగిలిన నూనెను వేరుచేసి సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే తెల్లటి పొడి కిందికి దిగుతుంది. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. కానీ కిలో డోడెకేన్‌డయోయిక్ ఆమ్లానికి 600 గ్రాములకు పైగా సోడియం సల్ఫేట్ నీళ్లలోకి వెళ్తుంది. పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల చెరువులకు ఏం జరిగిందో తెలిసినవాళ్లకు ఉప్పునీళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇంకొకటి స్వచ్ఛత. ఒక చివర మాత్రమే ఆమ్లంగా మారిన అణువులు కొద్దిగా మిగిలినా చాలు, నైలాన్ తయారీలో గొలుసు అక్కడే ఆగిపోతుంది. అందుకే పాలిమర్ కంపెనీలు వాటి పీపీఎమ్‌ల (పది లక్షల్లో ఎన్ని పాళ్లు) కోసం బేరమాడతాయి, ధర కోసం తర్వాత.

సిట్రిక్ ఆమ్లం గురించి కూడా అడుగుతారేమో. యారోవియా పారాఫిన్ మీద సిట్రిక్ బాగానే ఇస్తుంది. కానీ దాంతోపాటు ఐసోసిట్రిక్ కూడా చాలా ఎక్కువగా ఇస్తుంది, వేరుచేయడం తలనొప్పి. ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే బూజు మొలాసిస్ మీద హాయిగా చేస్తున్న పనికి ఇది అనవసరం.

బూజుల దగ్గరికి వస్తే, పారాఫిన్ మీద బూజు పెరుగుతుందని 1895లోనే జపాన్ శాస్త్రవేత్త మియోషి గమనించారు. విమానయాన రంగానికి అమోర్ఫోథెకా రెసినే అనే కిరోసిన్ బూజు పాత శత్రువు. జెట్ ఇంధన ట్యాంకు అడుగున కొద్దిగా నీరు చేరితే, నీటికీ ఇంధనానికీ మధ్య గోధుమరంగు పొరగా అల్లుకుని ఫిల్టర్లు మూసేస్తుంది, ఆమ్లాలు వదిలి లోహాన్ని తినేస్తుంది. ట్యాంకు అడుగు నీళ్లను క్రమం తప్పకుండా వదలడం వెనక ఇదొక కారణం. అంత శక్తి ఉండి కూడా పరిశ్రమలో బూజులు వెనకబడటానికి కారణం వాటి రూపం. దారాలు అల్లుకుపోయి ముద్ద కడతాయి, నూనెను లోపల పట్టేస్తాయి, ద్రవం చిక్కబడి గాలి బుడగలు కదలవు. ఆక్సిజనే అసలు సమస్య అయిన చోట ఇది ప్రాణాంతకం.

బూజులను కణరాశి కోసం కాకుండా, అవి చేసే క్లిష్టమైన అణువుల కోసం వాడితే కథ వేరు. 2022లో సదరన్ కాలిఫోర్నియా, కాన్సస్ విశ్వవిద్యాలయాల బృందం ఒక పని ప్రచురించింది. నాకు ఈ మధ్యకాలంలో బాగా నచ్చినది అది. సముద్రంలోంచి ఏరిన వాటితో సహా పాలిథిన్ వ్యర్థాలను ఆక్సిజన్, ఉత్ప్రేరకాలతో విరగ్గొట్టి, రెండు చివర్ల ఆమ్లాల మిశ్రమంగా మార్చారు. ఆ మిశ్రమం మీద జన్యుమార్పిడి చేసిన ఆస్పర్‌జిల్లస్ నిడులాన్స్ బూజును పెంచి ఆస్పర్‌బెంజాల్డిహైడ్, సిట్రియోవిరిడిన్, మ్యుటిలిన్ తీశారు. మ్యుటిలిన్ ఒక యాంటీబయాటిక్ కుటుంబానికి మూలం. పాలిథిన్ కూడా పెట్రోలియం గొలుసే, కాకపోతే చాలా పొడుగు. భూమిలోంచి కొత్త చమురు తీయకుండా ఈ రంగంలో ముందుకు వెళ్లాలంటే ఇటువైపే చూడాలని నా నమ్మకం.

ఇక మీ ప్రాజెక్టు. బంకులో కొన్న డీజిల్‌తో మొదలుపెట్టొద్దు. అందులో వలయాలు, కొమ్మల గొలుసులు, సంకలనాలు అన్నీ ఉంటాయి, ఏది పెరుగుదలను ఆపిందో మీకు తెలియదు. పెట్రోలు, హెక్సేన్ లాంటి చిన్న గొలుసులు కణపు పొరనే కరిగిస్తాయి, మంటల ప్రమాదం సరేసరి. హెక్సాడెకేన్ తీసుకోండి. ఫ్లాష్ పాయింట్, అంటే ఆవిరికి మంట అంటుకునే ఉష్ణోగ్రత, 130 డిగ్రీలు దాటుతుంది, నీళ్లలో కరగదు, ఆవిరిగా పోయేదీ తక్కువే. 18 డిగ్రీలకు గడ్డకడుతుంది కాబట్టి ఏసీ గదిలో సీసా గట్టిపడితే కల్తీ అనుకోవద్దు. ఈస్ట్ రకం (స్ట్రెయిన్) కోసం సూక్ష్మజీవులను భద్రపరిచి ఇచ్చే సంస్థలకు, అంటే చండీగఢ్‌లోని ఎంటీసీసీకి గానీ పుణెలోని ఎన్‌సీఐఎంకి గానీ రాయండి. పుణె వాళ్ల దగ్గర యారోవియా లిపోలిటికా ఎన్‌సీఐఎం 3589 ఉంది. ముంబై దగ్గర నూనె కలిసిన సముద్రపు నీటిలోంచి తీసిన రకం, మన వాతావరణానికి అలవాటైనది.

ఫ్లాస్క్‌లో మొదటి రోజు నూనె పైన పలుచని పొరగా తేలుతుంది. ఈస్ట్ తానే నూనెను నీళ్లలో కలిపే ఎమల్సిఫయర్ వదులుతుంది, రెండో రోజుకు పొర విరిగి ద్రవమంతా పాలరంగులోకి తిరుగుతుంది. ఒక చుక్క తీసి మైక్రోస్కోప్ కింద చూడండి. బెల్లం ముక్కకు చీమలు పట్టినట్టు నూనె బిందువు చుట్టూ కణాలు అతుక్కుని ఉంటాయి. ఆ దృశ్యం చూశాక ఈ ఈస్ట్ మీద ఇష్టం కలగకుండా ఉండదు. అయితే ఆ పాలరంగును మసక కొలిచే ఓడీ మీటర్‌లో పెట్టి పెరుగుదల అని రాయొద్దు. నూనె బిందువులు కూడా కాంతిని చెదరగొడతాయి. కణాలను సెంట్రిఫ్యూజ్ చేసి, హెక్సేన్‌తో కడిగి, ఎండబెట్టి తూకం వేయండి. హెక్సేన్ పని ఫ్యూమ్ హుడ్‌లోనే. ఈస్ట్ వేయని ఫ్లాస్క్ ఒకటి పక్కన తప్పనిసరిగా నడపండి, నూనె ఎంత తగ్గిందో రెండింటినీ గ్యాస్ క్రోమటోగ్రాఫ్ (జీసీ)లో పోల్చండి. ఈ కంట్రోల్ లేని థీసిస్‌ను నేను పరీక్షకుడినైతే ఒప్పుకోను. షేకర్‌లో 250 మిల్లీలీటర్ల ఫ్లాస్క్‌కు 50 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ పోయొద్దు. ఆక్సిజన్ లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

వ్యాపారం సంగతి కూడా అడిగారు కాబట్టి చెబుతున్నాను. తెలుగు రాష్ట్రాల్లో ఉండి కొత్తగా ఎవరైనా మొదలుపెడితే పారాఫిన్ మీద డయాసిడ్లతో చైనాను ఢీకొనమని చెప్పను. ఆముదం వైపు చూడమంటాను. పాలమూరు, నల్లగొండ రైతులకు ఆముదం పాత పంట. ఆముదపు నూనెలోని రిసినోలియిక్ ఆమ్లానికి 18 కార్బన్లు. యారోవియా దాన్ని నాలుగు విడతల్లో 10 కార్బన్లకు తరిగి ఆపితే గామా డెకాలాక్టోన్ వస్తుంది. పీచ్ పండు వాసన అదే, ఫ్లేవర్ కంపెనీలు దాన్ని ఈ పద్ధతిలోనే చేయించుకుంటున్నాయి. పెట్రోలియం మీద మీరు నేర్చుకునే ప్రతిదీ, అంటే నూనె చెదరగొట్టడం, ఆక్సిజన్ అందించడం, బీటా ఆక్సిడేషన్‌ను కావలసిన చోట ఆపడం, ఇక్కడ అలాగే పనికొస్తుంది. ఇంకో సంగతి గమనించండి. సెబాసిక్ ఆమ్లం అనే 10 కార్బన్ల డయాసిడ్‌ను ఇన్నాళ్లూ ఆముదం నుంచే చేసేవాళ్లు. ఇప్పుడు దాన్ని కూడా కాథే పారాఫిన్ల నుంచి ఫెర్మెంటేషన్‌తో చేస్తోంది. దాని ప్రభావం ఆముదం ధర మీద పడుతుందా లేదా అన్నది మన రైతులకు సంబంధించిన విషయం, మీలాంటివాళ్లు లెక్కగట్టి చూడదగ్గ విషయం కూడా.

మీ కాలేజీలో జీసీ ఉందా, షేకర్ గరిష్ఠంగా ఎన్ని ఆర్‌పీఎమ్ తిరుగుతుంది, ప్రాజెక్టుకు ఎన్ని నెలలు ఇచ్చారు, ఈ మూడూ చెప్పండి. వాటిని బట్టి హెక్సాడెకేన్ ఒక్కటే చేయాలా, ఆముదపు నూనె కూడా పక్కపక్కనే పెట్టి పోల్చాలా అన్నది చెబుతాను.